ఫుట్‌బాల్ క్లబ్బులూ – వాటి పూచీ

ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చేవి గోలు, కప్పు, ఆటగాళ్లకు ఇచ్చే కోట్ల రూపాయల జీతం. ఆ ఆట ఆడించే క్లబ్బు తన చుట్టూ ఉన్న ఊరికీ, ఆ ఊరి నీటికీ గాలికీ ఏమైనా జవాబు చెప్పుకోవాలా అన్న ప్రశ్న మామూలుగా మన మనసుకు రాదు. ఈనాటి ప్రసంగంలో దాన్ని గురించే కొంత మాట్లాడుకుందాం. ముందుగా ఇంగ్లండులో ఒక చిన్న ఊరి సంగతి చెబుతాను.

గ్లాస్టర్‌షైర్ జిల్లాలో కొండల నడుమ నెయిల్స్‌వర్త్ అనే ఊరుంది. జనాభా దాదాపు ఆరు వేలు. మన సిరుగుప్ప, ఆదోని వైపు ఒక పెద్ద గ్రామంలో అంతకంటే ఎక్కువ మందే ఉంటారు. ఆ ఊరికి 1889 నుంచి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. పేరు ఫారెస్ట్ గ్రీన్ రోవర్స్. ఇంగ్లండులో లీగు ఫుట్‌బాల్ నాలుగు అంచెలుగా ఉంటుంది. ఆ నాలుగింట్లో కలిపి 92 క్లబ్బులు. ఏటేటా కింది అంచెలో గెలిచినవాళ్లు పైకి వెళతారు, పై అంచెలో అడుగున పడినవాళ్లు కిందికి దిగుతారు. మన బడుల్లో పాసు, ఫెయిలు ఎలాగో అలాగే అనుకోండి. 2010 నాటికి ఈ ఊరి క్లబ్బు ఆ నాలుగు అంచెలకూ బయట, ఐదో అంచెలో, డబ్బుకు కటకటలాడుతూ ఉండేది.

ఆ ఏడాది డేల్ విన్స్ అనే ఆయన క్లబ్బును చేతిలోకి తీసుకున్నాడు. ఒకప్పుడు పాత వాహనంలోనే కాపురం పెట్టి దేశమంతా తిరిగిన మనిషి. తరువాత గాలిమరలతో కరెంటు తయారుచేసే ఈకోట్రిసిటీ అనే కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. తన కంపెనీలో ఏ సూత్రం పాటిస్తున్నాడో క్లబ్బులోనూ అదే పాటించాలని పట్టుబట్టాడు. స్టాండు కప్పు మీద సౌరఫలకాలు పెట్టించాడు. మైదానంలో పచ్చికకు రసాయన ఎరువులు, పురుగుల మందులు మానేసి సముద్రపు నాచుతో చేసిన ఎరువు వేయించాడు. పచ్చిక మీద పడిన వాన నీరు కిందికి ఇంకి పోకుండా పట్టి, మళ్లీ ఆ పచ్చికకే పెట్టే ఏర్పాటు చేయించాడు. గడ్డి కోయడానికి సౌరవిద్యుత్తుతో, మనిషి లేకుండా తనంతట తాను తిరిగే యంత్రం తెప్పించాడు. రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు పక్క క్లబ్బుల మైదానం మేస్త్రీలంతా మొదట్లో వింతగానే చూసి ఉంటారు. మందు కొట్టని పచ్చికలో కలుపు రాదా అంటే వస్తుంది. చేత్తో పీకాలి. మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

అసలు గొడవ తిండి దగ్గర వచ్చింది. మనకు ఉగ్గాని, బజ్జీ ఎలాగో అక్కడ మ్యాచ్ చూసే జనానికి మాంసం కూరిన పై అనే తినుబండారం అలాగ. విరామం వేళ అది చేతిలో లేకపోతే ఆట చూసినట్టే ఉండదు. 2011లో ఆటగాళ్లకూ, తరువాత ప్రేక్షకులకూ గొడ్డు మాంసం, గొర్రె మాంసం వంటివి ఆపేశారు. 2015కల్లా గుడ్డు, పాలు, జున్నుతో సహా జంతువుల నుంచి వచ్చేది ఏదీ ఆ స్టేడియంలో అమ్మకుండా చేశారు. మాంసం లేని భోజనం మనలో చాలామందికి వింత కాదు. కాని టీలో పాలు కూడా వద్దు, ఓట్ల పాలు పోసుకోండి అంటే మన జిల్లాలో ఏ క్లబ్బయినా ఒక వారం బతుకుతుందా అన్నది నాకు అనుమానమే. అయినా విన్స్ చెప్పిన కారణంలో పస ఉంది. పశువులను మాంసం కోసం, పాల కోసం లక్షల సంఖ్యలో పెంచే పద్ధతిలో నేల, నీరు, మేత ఎంతో ఖర్చవుతాయి. వాటి నుంచి వెలువడే మీథేన్ వాయువు భూమిని వేడెక్కిస్తుంది. గాలిమరల కరెంటు అమ్ముతూ పక్కనే మాంసం పై అమ్మితే రెండు నాలుకల మాట అవుతుందని ఆయన వాదన.

ఎగతాళి చేసినవాళ్లు లేకపోలేదు. కాని 2017లో లండన్ వెంబ్లీ స్టేడియంలో ట్రాన్మియర్ రోవర్స్‌ను 3–1 తేడాతో ఓడించి ఫారెస్ట్ గ్రీన్ నాలుగో అంచెలోకి ఎక్కింది. ఇంగ్లండు లీగులో అంత చిన్న ఊరి క్లబ్బు అంతకు ముందు ఎన్నడూ లేదు. 2018లో ఐక్యరాజ్య సమితి ఆ క్లబ్బును కార్బన్ తటస్థ క్లబ్బుగా గుర్తించింది. వెలువరించే బొగ్గుపులుసు వాయువును వీలైనంత తగ్గించుకుని, మిగిలినదానికి మరొకచోట పరిహారం చెల్లించుకోవడం అని దాని అర్థం. 2022లో నాలుగో అంచెలో ప్రథమ స్థానం పొంది మూడో అంచెకు వెళ్లింది. ఆ తరువాత 2023లో ఒక మెట్టు, 2024లో మరో మెట్టు దిగి మళ్లీ ఐదో అంచెకు చేరింది.

ఈ ఎక్కడం దిగడం గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆకుకూరలు తిన్నందుకే గెలిచారని పొగిడినవాళ్లున్నారు, ఆకుకూరలు తిన్నందుకే ఓడిపోయారని నవ్వినవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. ఐదో అంచె నుంచి ఎక్కినప్పుడు ఆటగాళ్లు బాగా ఆడారు, దిగినప్పుడు ఆడలేదు. పచ్చికకు మందు కొట్టకపోవడం గెలుపు కోసం చేసిన పని కాదు కనుక ఓడినప్పుడు మానేయవలసిన అవసరమూ రాలేదు.

అంతమాత్రాన ఆ క్లబ్బు చేసిందంతా ఒప్పని నేను అనను. పూర్తిగా కలపతో కొత్త స్టేడియం కట్టాలని 2016లో జహా హదీద్ సంస్థ చేత నమూనా వేయించారు. ప్రపంచమంతా మెచ్చుకుంది. కాని ఆ స్థలం ఊరికి దూరంగా, పెద్ద రహదారి పక్కన, పచ్చని పొలాల్లో ఉంది. వాహనాల రద్దీ పెరుగుతుంది, పొలాలు పోతాయి అని అక్కడివాళ్లు అభ్యంతరం చెప్పారు. 2019 జూన్‌లో స్థానిక కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. ప్లాను మార్చి మళ్లీ అడిగితే ఆ డిసెంబరులో ఇచ్చింది. పర్యావరణం పేరు మీద వచ్చిన క్లబ్బును కూడా ఊరివాళ్లు నిలదీశారు చూడండి, అది నాకు నచ్చింది.

నేను బడిలో కన్నడం, తెలుగు రెండూ చెప్పే మనిషిని. కనుక మాటల దగ్గర కొంచెం ఆగుతాను. బాధ్యతను కన్నడంలో హొణె అంటారు. ఆ మాటకు జామీను అనే అర్థం కూడా ఉంది. ఒకరు అప్పు తీసుకుని తీర్చకపోతే నేను తీరుస్తానని పక్కన నిలబడటం హొణె. తెలుగులో మన పెద్దలు వాడే పూచీ కూడా అటువంటిదే. పూచీకత్తు అన్న మాట ఈనాటికీ బ్యాంకుల్లో వినబడుతుంది. దానం వేరు. దానం ఇష్టమైతే చేస్తారు, లేకపోతే మానుకుంటారు. పూచీ పడ్డవాడు మాత్రం తన వల్ల జరిగే నష్టానికి తానే నిలబడాలి. పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు సామాజిక బాధ్యత పేరుతో చేసే పనుల్లో చాలా భాగం దానం. ఆసుపత్రిలో పిల్లలను చూడటానికి ఆటగాడు వెళతాడు, ఫొటో తీస్తారు. పిల్లలకు ఆ గంటసేపు సంతోషం కలుగుతుంది, దాన్ని నేను తక్కువ చేయను.

బార్సిలోనా క్లబ్బు కథ దీనికి మంచి ఉదాహరణ. నూరేళ్లకు పైగా ఆ క్లబ్బు తన చొక్కా ముందు భాగం మీద ఏ కంపెనీ పేరూ వేసుకోలేదు. 2006లో మొదటిసారిగా ఒక పేరు వేసుకుంది. అది యునిసెఫ్. కంపెనీలు క్లబ్బుకు డబ్బిచ్చి పేరు వేయించుకోవడం లోకరీతి. ఇక్కడ క్లబ్బే ఏడాదికి పదిహేను లక్షల యూరోలు యునిసెఫ్‌కు ఇచ్చి దాని పేరు మోసింది. ఎంతో గొప్ప పని అని అందరూ మెచ్చుకున్నాం. నాలుగేళ్లు తిరిగేసరికి క్లబ్బు అప్పుల్లో పడింది. 2010 చివర్లో ఖతార్ ఫౌండేషన్‌తో పెద్ద మొత్తానికి ఒప్పందం కుదిరింది. 2011 నుంచి చొక్కా ముందు ఖతార్ పేరు వచ్చింది. యునిసెఫ్ పేరు వెనక్కి, నడుము పైకి వెళ్లింది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. డబ్బు ఇవ్వడం మానలేదు కూడా. అయితే చేతిలో డబ్బు తగ్గితే దానం ఎక్కడికి జరుగుతుందో ఆ చొక్కా చూస్తే తెలిసిపోతుంది.

పూచీ మొదట ఇంట్లో ఉండాలి. క్లబ్బు అంటే పదకొండు మంది ఆటగాళ్లు మాత్రమే కారు. గేటు దగ్గర టికెట్లు చింపేవాళ్లు, పచ్చికకు నీళ్లు పెట్టేవాళ్లు, వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు ఉంటారు. కోవిడ్ వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్ 4న, లివర్‌పూల్ క్లబ్బు ఆడని సిబ్బందిని ఇంట్లో కూర్చోబెట్టి, వాళ్ల జీతంలో ఎక్కువ భాగం ప్రభుత్వ పథకం నుంచి ఇప్పించాలని నిర్ణయించింది. అంతకు ఏడాది ముందు లెక్కల్లో ఆ క్లబ్బుకు పన్నులు కట్టక ముందు 4 కోట్ల 20 లక్షల పౌన్ల లాభం ఉంది. అభిమానులు మండిపడ్డారు. రెండు రోజుల్లో క్లబ్బు క్షమాపణ చెప్పి నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అదే నగరంలో 2015 నుంచి లివర్‌పూల్, ఎవర్టన్ అభిమానులు కలిసి మ్యాచ్ రోజున స్టేడియం బయట పేదల కోసం బియ్యం, పప్పులు, డబ్బాల ఆహారం పోగుచేస్తున్నారు. రెండు క్లబ్బుల మధ్య వైరం అంతా ఇంతా కాదు. ఆకలి దగ్గర మాత్రం ఒకటయ్యారు. క్లబ్బు యజమానుల కంటే అభిమానులకు ఆ నగరం మీద పట్టింపు ఎక్కువని అనిపిస్తుంది. యజమాని అమ్ముకుని పోగలడు, అభిమాని పోలేడు కదా.

ఈ సంగతి మన తెలుగువాళ్లకూ అనుభవంలోకి వచ్చింది. ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీం గారే తరువాత భారత జట్టుకు కోచ్‌గా ఉండి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం సాధించి పెట్టారు. ఆ జట్టు పోలీసు శాఖది కనుక ఆటగాడికి నెల తిరిగేసరికి జీతం వచ్చేది. చాలా కాలం తరువాత, 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే వృత్తి క్లబ్బు వచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది కూడా. ఆ మరుసటి ఏడాదికే జీతాల బకాయిలు బయటపడ్డాయి. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా ఆంక్ష పెట్టింది. 2023–24లో లీగులో చివరి స్థానం. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. జెండాలు కుట్టించుకున్న కుర్రవాళ్లు హైదరాబాదులోనే మిగిలారు. జీతం ఇవ్వలేని క్లబ్బు చెట్లు నాటినా, పలకలు పంచినా నాకు పట్టదు.

ఇక ప్రయాణాల మాట. కార్బన్ లెక్క తీస్తే క్లబ్బుల విషయంలో పెద్ద వాటా సాధారణంగా స్టేడియం దీపాలది కాదు, ఆట చూడటానికి వచ్చిపోయే జనం బండ్లది. దానిపైన జట్టు ప్రయాణాలు. 2023లో బీబీసీ వారు ఇంగ్లండు ప్రీమియర్ లీగు మ్యాచ్‌లు 100 పరిశీలిస్తే, రెండు నెలల పైచిలుకు కాలంలో జట్లు దేశం లోపలే 81 సార్లు విమానం ఎక్కినట్టు తేలింది. వాటిలో ఒకటి 27 నిమిషాల ప్రయాణం. విమానాశ్రయానికి వెళ్లి కూర్చోవడానికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. మన దేశం సంగతి వేరు. బెంగళూరు జట్టును గువాహతికి బస్సులో పొమ్మనలేం. కాని చెన్నైకి రైలుంది. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు స్థానిక బస్సు, రైలు టికెట్టుగా కూడా చెల్లుతుంది. జనం కారు తీయకుండా చేయడానికి అంతకు మించిన ఉపాయం నాకు తోచదు. అక్కడ పానీయం గ్లాసుకు ముందు డిపాజిట్ కట్టించుకుని, గ్లాసు తిరిగి ఇస్తే వాపసు ఇవ్వడం కూడా మామూలే. మన గోలీసోడా సీసా పద్ధతే అది. 2022లో జర్మనీ లీగు ఇంకో అడుగు వేసి, పర్యావరణ, సామాజిక నియమాలను క్లబ్బు లైసెన్సు షరతుల్లో చేర్చింది. లైసెన్సు షరతు అయితే యజమాని మంచివాడా కాదా అని చూడనక్కరలేదు. అది పూచీకత్తు మీద సంతకం.

షరతు లేనిచోట మాటలే మిగులుతాయి. 2022 ఖతార్ ప్రపంచ కప్పును కార్బన్ తటస్థం అని ఫిఫా ప్రచారం చేసుకుంది. స్విట్జర్లాండులో ప్రకటనల నిజానిజాలు చూసే కమిషను 2023 జూన్‌లో ఆ ప్రచారం జనాన్ని తప్పుదోవ పట్టించేదని తేల్చింది.

ఇదంతా గొప్ప ఇళ్ల పిల్లల ఆటకు సంబంధించిన తలనొప్పి అని కొందరు అనుకోవచ్చు. ఇంగ్లండు వాయవ్య మూలన కార్లైల్ అనే పట్టణం ఉంది. 2015 డిసెంబరులో తుపాను వానకు నది పొంగి వేల ఇళ్లు, వాటితోపాటు కార్లైల్ యునైటెడ్ క్లబ్బు మైదానం మునిగిపోయాయి. 2005లోనూ అలాగే మునిగింది. ఈసారి ఆటగాళ్లు వీధుల్లోకి వెళ్లి తడిసిన సామాన్లు మోసి, బురద ఎత్తిపోశారు. జట్టు కొన్ని వారాలు పరాయి ఊళ్ల మైదానాల్లో తన మ్యాచ్‌లు ఆడుకుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు మన వైపు ఊళ్లలో బురద ఎత్తినవాళ్లకు ఆ పని ఎలాంటిదో తెలుసు. పర్యావరణం క్లబ్బు గోడ బయట ఆగే వ్యవహారం కాదు. పచ్చిక మీదికే వస్తుంది.

మన బళ్లారి జిల్లాకూ వృత్తి ఫుట్‌బాల్‌కూ సంబంధం ఉంది, కొందరు శ్రోతలకు తెలిసే ఉంటుంది. 2013లో మొదలైన బెంగళూరు ఎఫ్‌సీ యాజమాన్యం జేఎస్‌డబ్ల్యూ సంస్థది. తోరణగల్లు ఉక్కు కర్మాగారం కూడా వాళ్లదే. అక్కడే 2017లో ఆ క్లబ్బు పిల్లలకు వసతితో కూడిన అకాడమీ పెట్టింది. 2018లో అదే ప్రాంతంలో పెద్ద క్రీడా శిక్షణ సంస్థ కూడా వచ్చింది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి అక్కడ బంతి తన్నుతూ, చదువుకుంటూ ఉన్నారంటే ఉపాధ్యాయుడిగా నాకు సంతోషమే.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో నూటికి రెండు రూపాయలు సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉంది. పర్యావరణ రక్షణ కూడా ఉంది. తమ సరుకు ప్రచారానికి ఇచ్చే స్పాన్సర్‌షిప్ మాత్రం ఈ లెక్కకు రాదని 2021లో నియమాల్లో స్పష్టం చేశారు. మన జిల్లాలో అడవికీ నేలకూ జరిగిన నష్టాన్ని చూసి 2011 జూలైలో సుప్రీంకోర్టు ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపించిన సంగతి మనం మరిచిపోలేదు. లారీల వెనక లేచే ఎర్రదుమ్ము సండూరు దారిలో ఆరేసిన బట్టల మీద కూర్చోవడమూ మనం చూశాం. అందువల్ల ఇనుముతో బతికే ఏ సంస్థయినా ఆటస్థలం కట్టించినప్పుడు, చప్పట్లు కొట్టి, దుమ్ము లెక్క విడిగా అడగాలని నేనంటాను. ఒక ఖాతాలో జమ చూపించి ఇంకో ఖాతాలో బాకీ కొట్టివేయడం కుదరదు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్లో ఎంతమంది ఆ అకాడమీలో చేరారు, మైదానానికి పెట్టే నీరు ఎక్కడిది, వాడిన నీరు శుద్ధి చేసి మళ్లీ వాడుతున్నారా అని గ్రామసభలో మర్యాదగా అడగవచ్చు. నెయిల్స్‌వర్త్ వైపు జనం కలప స్టేడియం గురించి అడిగినట్టే.

చివరగా తాలూకా టోర్నమెంట్లు నడిపే యువజన సంఘాల సోదరులకు ఒక మాట. ఆట ముగిశాక మైదానం గట్టు మీద తెల్లగా మెరిసే నీళ్ల ప్యాకెట్లు మూడు నెలలైనా పోవు. ఆవులు నమిలేవి నములుతాయి. పెద్ద క్లబ్బులను అడగడానికి నోరు రావాలంటే మన గట్టు కొంత శుభ్రంగా ఉండాలి. ఒక నీళ్ల డ్రమ్ము, రెండు డజన్ల స్టీలు గ్లాసులు అద్దె సామాన్ల కొట్టులో దొరుకుతాయి. డ్రమ్ముకు కొళాయి ఉన్నది చూసి తెచ్చుకోండి, లేకపోతే పిల్లలు గ్లాసులు ముంచి నీళ్లన్నీ పాడుచేస్తారు.